గెలిస్తే జనం వాళ్లే వస్తారా? హాకీ గ్రౌండ్ గేటు దగ్గర నేను వదిలించుకున్న అపోహలు

వరంగల్, హనుమకొండల్లో ఏ ఆటల పోటీ జరిగినా గేటు దగ్గర కుర్చీ వేసుకుని, పాస్‌లు చింపుతూ, "అన్నా, బండి అటు పక్కకు పెట్టు" అని అరిచే మనిషి ఒకడుంటాడు. ఆ మనిషిని నేనే. టికెట్లు, ప్రచారం, మైకు, మంచినీళ్లు, జనాన్ని చూసుకోవడం, పదేళ్లకు పైగా ఇదే నా పని. కబడ్డీకి చేశాను, అథ్లెటిక్స్‌కి చేశాను. కొన్ని సీజన్లుగా ఇక్కడి ఒక చిన్న హాకీ క్లబ్బుకు చేస్తున్నాను. నేను చేరేనాటికి జట్టు వరుసగా ఓడుతోంది. గ్రౌండ్ చుట్టూ నిలబడ్డవాళ్లలోంచి ఆటగాళ్ల అన్నదమ్ములనూ చాయ్ అమ్మే ఆయననూ తీసేస్తే ముగ్గురో నలుగురో మిగిలేవాళ్లు. ఇప్పుడు చాలా ఆదివారాలు గట్టు మీద కూర్చోడానికి చోటు దొరకదు. ఈ మధ్యలో నేను నమ్మిన తప్పుడు మాటలు కొన్ని, క్లబ్బు పెద్దలు ఇప్పటికీ నమ్ముతున్నవి కొన్ని రాస్తున్నాను.

అపోహ: ముందు గెలవండి, జనం వాళ్లే వస్తారు.

ప్రతి మీటింగ్‌లో ఎవరో ఒకరు ఈ మాట అని చేతులు దులుపుకుంటారు. గెలిస్తే మంచిదే, ఎవరు కాదంటారు? కానీ గెలుపు గేటు దగ్గర ఉన్నవాడి చేతిలో ఉండదు. పైగా గెలుపు ఒక్కటే చాలదని మన కళ్ల ముందే కనిపించింది. టోక్యోలో మన పురుషుల జట్టుకు 41 ఏళ్ల తర్వాత ఒలింపిక్ పతకం వచ్చింది, 2024లో పారిస్‌లో మళ్లీ కాంస్యం వచ్చింది. రెండుసార్లూ మా వాట్సాప్ గ్రూపులు జెండాలతో నిండిపోయాయి. ఆ తర్వాతి ఆదివారం మా గట్టు మీద మాత్రం అవే ముఖాలు.

ఇంకో సంగతి. హాకీ ఇండియా లీగ్ 2017 తర్వాత ఆగిపోయి, 2024 డిసెంబరు చివర్లో మళ్లీ మొదలైంది. అందులో హైదరాబాద్ తూఫాన్స్ అని మన పేరున్న జట్టు ఫైనల్ దాకా వెళ్లి, 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 4-3 తేడాతో ఓడింది. ఒక్క గోల్ తేడా! హనుమకొండ చౌరస్తాలో నిలబడి ఈ సంగతి ఎంతమందికి తెలుసో అడిగి చూడండి. ఎలా తెలుస్తుంది? ఆ సీజన్ పురుషుల మ్యాచ్‌లు ఒడిశాలోని రూర్కెలాలో, జార్ఖండ్‌లోని రాంచీలో జరిగాయి తప్ప ఒక్కటీ హైదరాబాద్‌లో జరగలేదు. పేరు మనదే, ఆటగాళ్లను మనం చూసింది లేదు, వాళ్లు మనల్ని చూసింది లేదు.

అదే రూర్కెలాలో లెక్క వేరు. ఆ ఊరున్న సుందర్‌గఢ్ జిల్లా ఊళ్లలో ప్రతి వాడకూ హాకీ ఆడిన పిల్లవాడు ఉంటాడు. భారత జట్టుకు ఆడిన దిలీప్ తిర్కీ అక్కడివాడే, అమిత్ రోహిదాస్ అక్కడివాడే. గ్రౌండ్‌లో పరుగెత్తేది "మా పోరడు" అయితే ఓడినా చూస్తారు. నిజం చెప్పాలంటే ఓడుతుంటేనే ఇంకా గట్టిగా అరుస్తారు.

అందుకని మేం చేసిన మొదటి పని కోచ్‌ను మార్చడం కాదు. జట్టులో ఉన్న ఒక్కో ఆటగాడిదీ ఏ ఊరు, ఏ బడి, ఏ వాడ అని రాసుకున్నాం. మడికొండ పిల్లవాడు ఆడేరోజు మడికొండలో చెప్పాం, పర్కాల పిల్లవాడు ఆడేరోజు పర్కాలలో చెప్పాం. అతని బడిలో పొద్దున ప్రేయర్ టైములో అతనే స్టిక్ పట్టుకుని నిలబడి "ఆదివారం రండి" అన్నాడు. ఆ ఒక్క మాటకు వచ్చినంతమంది నేను వేయించిన ఏ ఫ్లెక్సీకీ రాలేదు. ఫ్లెక్సీల గురించి వేరే రాయక్కర్లేదనుకుంటాను. అతిథుల ఫొటోలు ఇంతింత, మ్యాచ్ టైము మాత్రం కింద మూలన ఆవగింజంత. బండి మీద పోయేవాడు దాన్ని ఎట్లా చదువుతాడు?

అపోహ: యూట్యూబ్‌లో లైవ్ పెడితే గ్రౌండ్‌కు ఎవరూ రారు.

నేను కూడా రెండేళ్లు ఇదే వాదించాను. ఇంట్లో ఫ్యాన్ కింద కూర్చుని చూసే వీలుంటే ఈ ఎండలో ఎవరొస్తారని. అప్పుడు మా క్లబ్బులోనే కాలేజీ కుర్రాడు ఒకడు అమెరికాలోని షికాగో బ్లాక్‌హాక్స్ కథ చెప్పాడు. అది మంచు మీద ఆడే హాకీ, మన ఆటతో పోలిక తక్కువే. జనం తీరు మాత్రం ఒకటే.

ఆ జట్టు పాత యజమాని బిల్ విర్ట్జ్ సొంత ఊళ్లో జరిగే మ్యాచ్‌లను ఆ ఊరి టీవీలో రానిచ్చేవాడు కాదు. డబ్బు పెట్టి టికెట్ కొన్నవాడికి అన్యాయం జరుగుతుందని ఆయన లెక్క. ఫలితం ఏమిటంటే ఒక తరం పిల్లలు ఆ జట్టును చూడకుండానే పెద్దవాళ్లయిపోయారు. 2006-07 సీజన్‌లో మ్యాచ్‌కు సగటున 12,700 మంది వచ్చారు, వాళ్లు ఆడే లీగ్‌లో దాదాపు అట్టడుగు. 2007 సెప్టెంబరులో ఆయన చనిపోయాడు. కొడుకు రాకీ విర్ట్జ్ పగ్గాలు తీసుకోగానే సొంత ఊరి మ్యాచ్‌లను టీవీలో పెట్టించాడు. తండ్రి కాలంలో దూరమైన బాబీ హల్, స్టాన్ మికిటా లాంటి పాత ఆటగాళ్లను మళ్లీ పిలిచి గౌరవంగా కూర్చోబెట్టాడు. 2008-09కి సగటు 22,000 దాటింది, లీగ్‌లో అదే అందరికంటే ఎక్కువ. 2010లో 49 ఏళ్ల తర్వాత ఆ లీగ్ కప్పు గెలిచారు. టేవ్స్, కేన్ అనే ఇద్దరు కుర్రాళ్లు అప్పుడే జట్టులోకి రావడం కూడా కలిసొచ్చింది, అంతా టీవీ మహిమ అనను. కానీ స్టేడియం నిండింది కప్పు గెలవక ముందే. ఇది నా మనసులో నాటుకుపోయింది.

మన దగ్గర కబడ్డీని చూడండి. 2014లో ప్రో కబడ్డీ టీవీలో వచ్చాక ఊరి కబడ్డీకి జనం తగ్గారా? సంక్రాంతి పోటీల్లో పిల్లలు టీవీలో చూసిన పట్లు పట్టడం నేనే చూశాను.

మేం ఒక ఫోను, ఒక స్టాండు, మైకు పట్టుకున్న ఒక మనిషితో లైవ్ మొదలుపెట్టాం. దుబాయ్‌లో ఉన్న ఒకతను చూసి, కరీంనగర్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి "అరే, మనోడు ఆడుతుండు, పోయి చూడు" అన్నాడట. ఆ తమ్ముడు భార్యాపిల్లలతో వచ్చాడు. లైవ్ మా గేటును ఖాళీ చేయలేదు, గేటు ఎక్కడుందో చెప్పింది.

అపోహ: ఉచితంగా పెడితే నిండిపోతుంది.

ఇక్కడ నాకు సగం సగం అభిప్రాయం. హాకీ ఇండియా లీగ్ తిరిగొచ్చిన సీజన్‌లో ప్రవేశం ఉచితమే, అందులో తప్పేమీ లేదు. తప్పు పంచే పద్ధతిలో ఉంది. మేం మొదట్లో పాస్‌లు కట్టలు కట్టలుగా బడులకు, కాలనీ సంఘాలకు, పెద్దమనుషులకు ఇచ్చాం. ఒక సీజన్ చివర్లో ఒక పెద్దాయన ఇంటికి పోతే మా పాస్‌ల కట్ట రబ్బరు బ్యాండు కూడా తీయకుండా టీవీ మీద పడుంది. డబ్బులు పెట్టనిది గుర్తుండదు. వాన వచ్చేలా ఉన్నా, చుట్టాలు వచ్చినా ముందు రద్దయ్యేది అదే.

ఇప్పుడు పెద్దవాళ్లకు 20 రూపాయలు, పిల్లలకు, ఆడవాళ్లకు ఉచితం. ఉచితమైనా చీటీ ఉంటుంది, చీటీ మీద పేరు, ఫోన్ నంబరు రాయించుకుంటాం. ఆ నంబరే మాకు అసలు ఆదాయం. ఎందుకంటే మొదటిసారి జనాన్ని రప్పించడం పెద్ద విద్యేమీ కాదు, డప్పులు కొట్టినా వస్తారు. ఆ మనిషి రెండోసారి వచ్చాడా లేదా? ఇది చూడని క్లబ్బు ఎప్పుడూ మొదటి మెట్టు మీదే ఉంటుంది. నా నోట్‌బుక్‌లో ప్రతి పేరు పక్కన గీతలుంటాయి, వచ్చిన ప్రతిసారీ ఒక గీత. ఒకే గీత ఉన్నవాళ్లకు బుధవారం ఫోన్ చేస్తాను. "ఎందుకు రాలే?" అని అడగను, అట్లా అడిగితే వేలెత్తి చూపినట్టుంటుంది. "మొన్న వచ్చినప్పుడు ఏమన్నా ఇబ్బందైందా అన్నా?" అని అడుగుతాను. జవాబులు వింటే హాకీ సంగతే రాదు. నీడ లేదు. బాత్రూమ్‌కు తాళం వేసి ఉంది. బండి మీద పెట్రోల్ పోయింది. మా ఆవిడ నిలబడలేకపోయింది.

ఆడవాళ్ల బాత్రూమ్‌కు తాళం తీయించి, ఒకామెను జీతానికి పెట్టాం. ఆ నెల నుంచి కుటుంబాలు హాఫ్ టైముకే లేచి పోవడం తగ్గింది. ఇంతకంటే చౌకైన ప్రచారం నాకు తెలియదు.

అపోహ: క్రికెట్ ఉన్నన్నాళ్లూ హాకీని ఎవరు చూస్తారు?

మా అసలు పోటీ క్రికెట్‌తో కాదండీ, పెళ్లిళ్లతో. మాఘమాసంలో మంచి ముహూర్తం ఉన్న ఆదివారం మ్యాచ్ పెట్టి చూడండి, అంపైర్ కూడా లేటుగా వస్తాడు, పప్పన్నం తిని. ఇప్పుడు నేను మ్యాచ్ తేదీలు వేసేటప్పుడు ముందు పంచాంగం తీస్తాను. తర్వాత ఇంటర్, టెన్త్ పరీక్షల టైం టేబుల్. ఐనవోలు మల్లన్న జాతర, మేడారం ఏడాదైతే ఆ వారం, సద్దుల బతుకమ్మ, ఇవన్నీ తీసేశాక మిగిలిన ఆదివారాలు మావి. మిర్చి ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే రోజుల్లో చుట్టుపక్కల ఊళ్లవాళ్లను పిలిచి లాభం లేదు, ఏప్రిల్‌లో సాయంత్రం ఐదింటికి ముందు ఎవరినీ పిలవకూడదు.

ఇక ఆట అర్థం కాదనే మాట కొంత నిజం. బంతి చిన్నది, వేగం ఎక్కువ, ఈల ఎందుకు ఊదారో తెలియదు. దానికి మందు మైకు. మా కామెంటేటర్ ఒక డ్రిల్ మాస్టారు. పెనాల్టీ కార్నర్ వచ్చిందంటే ఆయన, "చూడుండ్రి, గోల్‌కీపర్‌తో కలిపి ఐదుగురే కాపలా, మిగతా అందరు సగం గీత అవతలికి పోవాలె. బంతి ముందు డీ, అంటే గోల్ ముందటి వంపు గీత, దాని బయటికి రావాలె, అప్పుడే కొట్టాలె" అని చెప్తాడు. గ్రీన్ కార్డు అంటే రెండు నిమిషాలు బయట, ఎల్లో అంటే తక్కువలో తక్కువ ఐదు, రెడ్ అంటే ఇంటికే. రెండు మ్యాచ్‌లయ్యేసరికి గట్టు మీది పిల్లలు అంపైర్ కంటే ముందు "కార్నర్!" అని అరుస్తున్నారు. పదిహేను నిమిషాల చొప్పున నాలుగు క్వార్టర్లు, గంటన్నరలో అయిపోతుంది. వన్డే క్రికెట్ చూసే ఓపిక లేని ఇంటాయనకు ఇది చెప్పాలి, మేం ఇన్నాళ్లూ చెప్పలేదు.

అపోహ: పెద్ద అతిథి వస్తే జనం వస్తారు.

వస్తారు. అతిథితో పాటే వెళ్లిపోతారు. దీని మీద ఇంతకంటే రాయడం దండగ.

అపోహ: ముందు టర్ఫ్, స్టేడియం రావాలి.

టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి మైదానం, ఆటగాళ్లకు తప్పకుండా కావాలి. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మొదటిసారి కృత్రిమ మైదానం మీద జరిగితే మనం ఏడో స్థానంలో నిలిచాం, ఆ దెబ్బ తెలిసిందే. కానీ చూసేవాళ్లకు టర్ఫ్‌తో పనేమిటి? రూర్కెలాలో 20,000 మంది పట్టే బిర్సా ముండా స్టేడియం 2023లో వచ్చింది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆ చుట్టుపక్కల పల్లెల్లో మట్టి నేల మీద, మేకపోతు బహుమతిగా హాకీ పోటీలు జరిగేవి, ఊళ్లకు ఊళ్లే కదిలొచ్చేవి. జనం ముందు, సిమెంటు తర్వాత. మాదీ మట్టి గ్రౌండే. మ్యాచ్‌కు ముందు రెండు ట్యాంకర్ల నీళ్లు కొడతాం, దుమ్ము లేవకుండా.

అపోహ: పోయిన పాత అభిమానులు తిరిగి రారు, కొత్తవాళ్లను వెతకండి.

కాజీపేటలో రైల్వే నుంచి రిటైరైన ఒక పెద్దాయన ఉన్నాడు. ఒకప్పుడు మా ప్రతి మ్యాచ్‌కూ వచ్చేవాడట, తర్వాత మానేశాడు. జట్టు ఓడుతోందని అలిగాడేమో అనుకుని ఇంటికి వెళ్లి అడిగాను.

"ఓడితే ఏమైతది బిడ్డా, ఆటన్నాక ఓడరా? నాలుగు అంటిరి, నాలుగుకే వస్తి. ఐదున్నర దాక బంతి కదలలే. ఎవరో వస్తరని ఆపిండ్రు. రైలు గిట్ల నడిపితే మమ్ముల ఉంచుదురా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ ఆలస్యాలన్నీ అతిథుల కోసమే, చాలాసార్లు ఆపమన్న మైకు నా చేతిలోనే ఉంది. మేం పోగొట్టుకున్న పాతవాళ్లలో ఎక్కువమంది ఓటమికి పోలేదు, ఇట్లాంటి వాటికే పోయారు. క్షమించమని చెప్పి, చెప్పిన టైముకు ఈల పడుతుందని మాటిచ్చాను. కమిటీలో దీని మీద పెద్ద గొడవే అయింది. చివరికి ఎవరొచ్చినా రాకపోయినా నాలుగింటికి బంతి కదలాలి, అతిథి పరిచయాలు హాఫ్ టైములో అని తీర్మానం రాయించాను.

మొదటి ఆదివారం ఆయన వచ్చి కూర్చోలేదు. గేటు దగ్గరే నిలబడి, చేతి గడియారం చూసుకుంటూ ఈల పడేదాకా ఆగి, తిరిగి వెళ్లిపోయాడు. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం ఈల పడ్డాక లోపలికొచ్చి, చీటీకి 20 రూపాయలు నా టేబుల్ మీద పెట్టి, "మనవడు గూడ వస్తడు, బండి పెడుతుండు" అన్నాడు. నోట్‌బుక్‌లో కొత్త పేరు రాసుకున్నాను.