పైన్ పుప్పొడి బతికుందో లేదో రంగు చూసి చెప్పేయగలమా?

మా అక్క కూతురు ఏప్రిల్లో హిమాచల్ ట్రెక్‌కి వెళ్ళి బెంగళూరు మారతహళ్ళిలో మా ఇంటికొచ్చి బ్యాగ్ దులిపితే బాల్కనీలో పసుప్పచ్చ పొడి రాలింది. పైన్ చెట్ల పుప్పొడి. ఇది రైల్లో, బస్సులో ఇంత దూరం వచ్చింది కదా, "పిన్నీ, ఇదింకా బతికే ఉందంటావా?" అనడిగింది. ఎంత మంచి ప్రశ్నో! దీని మీద సైంటిస్టులు ఏళ్ళ తరబడి పనిచేస్తున్నారు.

పువ్వు, పుప్పొడి, గింజ కథ స్కూల్లో అందరం చదివిందే కాబట్టి వదిలేస్తున్నా. నాకు పిచ్చి ఇష్టమైన విషయం ఒకటుంది, పైన్ పుప్పొడి రేణువుకి అటూ ఇటూ రెండు గాలి సంచులుంటాయి. గాల్లో ఎగరడానికి అని పుస్తకాల్లో రాసి ఊరుకుంటారు, అసలు మజా తర్వాత ఉంది. మన ఊళ్ళల్లో బావిలో ఈత నేర్చుకునే పిల్లలకి వీపుకి ఎండు సొరకాయ బుర్రలు కట్టేవాళ్ళు గుర్తుందా, అచ్చం అదే ఏర్పాటు. పైన్ ఆడ కోన్‌లో (గింజలు పట్టే చెక్క కాయ లాంటిది) అండం తలకిందులుగా ఉంటుంది, దాని సన్న రంధ్రం కిందికి చూస్తూ ఉంటుంది, అక్కడ ఒక చిన్న నీటి బొట్టు ఊరుతుంది. గాల్లో వచ్చిన రేణువు ఆ బొట్టుకి అంటుకుంటే బుర్రలు దాన్ని పైకి తేలుస్తాయి, అంటే సరిగ్గా అండం లోపలికి. బుర్రలు కట్టిన పిల్లాడి వీపు ఎప్పుడూ పైకే ఉంటుంది చూడండి, ఇక్కడ కూడా అంతే, మొలక నాళం బయటికి రావాల్సిన పల్చటి చోటు ఆ రెండు బుర్రల మధ్య వీపు మీదే ఉంది, కాబట్టి రేణువు లోపలికి చేరేసరికి ఆ చోటు నేరుగా అండం కణజాలం వైపు తిరిగి ఉంటుంది. తర్వాత బొట్టు వెనక్కి ఇంకిపోతూ రేణువుని ఇంకాస్త లోపలికి లాక్కుంటుంది. తేల్చడం, తిప్పి పెట్టడం రెండూ ఒక్క ఏర్పాటుతోనే!

మరి బుర్ర ఒక్కటే ఉంటే? పిల్లాడు పక్కకి ఒరిగిపోతాడు. మూడుంటే ఎటు తిరుగుతాడో తెలీదు. అలాంటి రేణువులు నిజంగానే పుడతాయి, ఒక సంచివి, మూడు సంచులవి, అసలు సంచి లేని మరుగుజ్జువి. పైన్‌లో మగ కోన్లు చలికాలమంతా ఆగి వసంతంలో పుప్పొడి రాలడానికి కొన్ని వారాల ముందే కణ విభజన చేసుకుంటాయి, కొండ మీద సరిగ్గా అప్పుడే మంచు పడితే విభజన చెడి ఇలాంటివి ఎక్కువవుతాయి.

అతినీలలోహిత కిరణాలు కూడా ఇదే పని చేస్తాయి. 2018లో కాలిఫోర్నియా యూనివర్సిటీ బర్క్‌లీ వాళ్ళు యూరప్ కొండల్లో పెరిగే పొట్టి పైన్ జాతి, పైనస్ మ్యూగో మొక్కల్ని ఛాంబర్లలో పెట్టి ఇప్పుడు భూమ్మీద పడేదానికి 13 రెట్ల వరకు యూవీ-బి (అతినీలలోహిత కిరణాల్లో ఒక రకం) వేశారు. చెట్లు చావలేదు, కానీ వంకర పుప్పొడి బాగా పెరిగింది, ఆడ కోన్లు ఎండిపోయాయి. మళ్ళీ బయట పెడితే కోలుకున్నాయి! 25.2 కోట్ల సంవత్సరాల నాటి మహా వినాశనం కాలపు రాళ్ళల్లో ఇలాంటి వంకర పుప్పొడే దొరుకుతుంది కాబట్టి అప్పట్లో సైబీరియా అగ్నిపర్వతాల వల్ల ఓజోన్ పల్చబడి అడవులు గొడ్డుపోయాయేమో అని వాళ్ళ వాదన. నాకైతే ఒళ్ళు జలదరించింది.

ఇప్పుడు బతికుందా లేదా సంగతి. మన కాలేజీ ప్రాక్టికల్స్‌లో అసిటోకార్మైన్ అనే ఎర్ర రంగు వేసి ఎర్రబడినవన్నీ బతికున్నట్టు లెక్క రాయిస్తారు, ఇది మానాలి. ఆ రంగు లోపల సరుకుందో లేదో చెప్తుంది అంతే, చచ్చిన రేణువు కూడా ఎర్రబడుతుంది. టెట్రాజోలియం కొంచెం మేలు, శ్వాసించే కణంలో డీహైడ్రోజినేజ్ ఎంజైములు ఆ రంగులేని ఉప్పుని ఎర్రటి ఫార్మజాన్‌గా మారుస్తాయి, అంటే ఊపిరి ఉన్నట్టు. కానీ ఊపిరి ఉన్నవన్నీ మొలవవు. అసలు పరీక్ష మొలిపించడమే, అగర్ అనే జెల్లీలో చక్కెర, కాస్త బోరిక్ యాసిడ్ వేసి వెచ్చగా రెండు మూడు రోజులు ఉంచి, నాళం పొడవు రేణువు వెడల్పుని దాటితేనే మొలిచినట్టు లెక్కపెట్టాలి. ఎండిన పుప్పొడిని నేరుగా తడి మీద చల్లకూడదు, ముందు తేమ గాల్లో కొన్ని గంటలు ఉంచాలి, లేకపోతే పొర చిట్లి లోపలివి కారిపోయి మంచి పుప్పొడి కూడా చచ్చినట్టు కనిపిస్తుంది.

దూరం అంత పెద్ద సమస్య కాదు. అమెరికాలో లాబ్లోలీ పైన్ పుప్పొడిని 610 మీటర్ల ఎత్తులోనూ, 41 కిలోమీటర్ల దూరంలోనూ పట్టి చూస్తే కొంత మొలిచింది, 2010లో అచ్చయిన పని. కాబట్టి బ్యాగ్‌లో పుప్పొడి కూడా మరీ ఎండా వేడీ తగలకపోతే కొంత బతికుండొచ్చు అనే చెప్పాను. కొండ ఊళ్ళల్లో వాన నీటి అంచున ఈ పొడి పసుప్పచ్చ గీతలు కడితే విషపు వాన, కలియుగాంతం అని వాట్సాప్‌లో తిప్పుతారు, భయపడకండి, అది చెట్ల పెళ్ళి సంబరం.

ఇంకో ముఖ్యమైన సంగతి, లాల్‌బాగ్‌లో మనవాళ్ళు క్రిస్మస్ చెట్టని ఫోటోలు దిగే అరకేరియాలు పైన్లు కావు, వాటి పుప్పొడికి ఈ సంచులే లేవు. ఊటీ పైన్ ఫారెస్ట్ చెట్లు నిజం పైన్లే కానీ మెక్సికో నుంచి తెచ్చి నాటినవి. మన దేశంలో సహజంగా పెరిగే కొండ పైన్లు చూడాలంటే హిమాలయాలకో ఈశాన్య కొండలకో పోవాలి, హిమాచల్‌లో అయితే కింద చీర్, పైన కైల్, కిన్నౌర్ లోయల్లో చిల్గోజా అనే పైన్ జాతులు.

అక్కడ కూడా గుట్టకో గుంపుగా విడిపోయిన చోట్ల అసలు చిక్కు వస్తుంది. పుప్పొడి చక్కగా మొలుస్తుంది, సంచులు రెండూ బాగుంటాయి, కానీ చుట్టూ చెట్లు తక్కువ కాబట్టి తన పుప్పొడి తన మీదే పడుతుంది, లేదా చుట్టాలది పడుతుంది, పిండం మధ్యలో చచ్చిపోయి తాలు గింజ మిగులుతుంది. పైగా పైన్‌లో పుప్పొడి అండంలోకి చేరాక ఫలదీకరణకి దాదాపు ఏడాది పడుతుంది, నాళం కొంచెం పెరిగి చలికాలమంతా ఆగుతుంది. ల్యాబ్‌లో మూడు రోజుల మొలక ఆ ఏడాది గురించి ఏం చెప్పగలదు? అందుకే ఒక గుట్ట మీద పైన్ల ఆరోగ్యం తేల్చాలంటే పుప్పొడి లెక్కతో ఆగకుండా రెండో ఏడాది ముదిరిన కోన్లు కోసి, గింజల్ని ఎక్స్‌రే తీసి ఎన్ని గట్టివి ఎన్ని తాలువి అని కూడా చూడాలి.