చీకటి బొమ్మలు, చిన్న పుస్తకాలు: అపోహలు – వాస్తవాలు

కిందటేడు హైదరాబాద్‌లో మా ప్రదర్శనకి వచ్చిన ఒక పెద్దావిడ నా బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డారు. ఎండిపోయిన బావి, గట్టు మీద ముడుచుకుని కూర్చున్న ఒక ఆకారం, దాని ఒళ్ళో ఖాళీ చేద. అంతా నల్లసిరా. వెళ్ళబోతూ నా చెయ్యి పట్టుకుని, "ఇంట్లో అందరూ బాగున్నారా తల్లీ?" అని అడిగారు.

పదేళ్ళుగా డార్క్ ఆర్ట్ (భయాన్నీ దుఃఖాన్నీ చీకటినీ చూపే కళ) ప్రదర్శనల్లో బొమ్మలు పెడుతున్నాను. అభిమానులు సొంతంగా వేసుకునే చిన్నచిన్న పత్రికలకి, అంటే ఫ్యాన్‌జైన్లకి (పొట్టిగా జైన్లు), అట్టలూ లోపలి బొమ్మలూ వేస్తున్నాను. ఆవిడలా ఆప్యాయంగా అడిగినవాళ్ళున్నారు, మొహం చిట్లించుకుని వెళ్ళిపోయినవాళ్ళున్నారు. ఇద్దరి మనసులోనూ ఉన్న సందేహాలు మాత్రం ఇంచుమించు ఒకటే. కొత్తగా ఈ పనిలోకి వస్తున్న పిల్లలు కూడా అవే నమ్ముకుని వస్తున్నారు. అందుకే ఇది రాయాలనిపించింది.

అపోహ: ఇలాంటి బొమ్మలు వేసేవాళ్ళకి మనసు బాగుండదు.

గీతలతో నిండిన ఒక పేజీకి నాకు ముప్పై గంటల పైనే పడుతుంది. మనసు కుదురుగా లేని రోజు నిబ్బు పట్టుకుంటే గీత వణుకుతుంది, సిరా ముద్దకడుతుంది. అలాంటి రోజుల్లో బొమ్మ జోలికే పోను. ఈ పనికి అన్నిటికంటే ముందు కావలసింది నిలకడ.

స్పెయిన్ చిత్రకారుడు గోయా పేరెత్తగానే, వినికిడి పోయి, వయసు మీదపడ్డాక తన ఇంటి గోడల మీద వేసుకున్న 14 నల్ల చిత్రాలనే అందరూ గుర్తుచేసుకుంటారు. పాపం మతి చలించిందంటారు. కానీ అంతకు ఇరవై ఏళ్ళ ముందే, 1799లో, ఆయన 80 ఎచింగుల (రాగిరేకు మీద గీసి తీసే అచ్చుబొమ్మల) సంపుటి ఒకటి అచ్చువేశాడు. మంత్రగత్తెలు, గుడ్లగూబలు, రోగి నాడి చూస్తున్న గాడిద వైద్యుడు. అవన్నీ ఆనాటి మూఢనమ్మకాలనీ, పెద్దమనుషుల మోసాలనీ ఎండగట్టినవి. దానికి పత్రికలో ప్రకటన ఇచ్చి, మాడ్రిడ్‌లో అత్తర్లూ మద్యమూ అమ్మే దుకాణంలో అమ్మకానికి పెట్టాడు. ఇంత లెక్కగా చేసిన పనిని పిచ్చి అని ఎలా అనగలం?

మన దేశంలో అయితే నాకు ముందుగా గుర్తొచ్చేది బెంగాలీ చిత్రకారుడు చిత్తప్రసాద్. 1943 బెంగాల్ కరువులో మిడ్నాపూర్ ప్రాంతమంతా తిరిగి, తిండిలేక పోతున్న మనుషుల్ని సిరాతో గీశాడు. ఆ బొమ్మలూ ఆ రాతలూ కలిపి వేసిన పల్చటి పుస్తకం ప్రతుల్ని బ్రిటిష్ ప్రభుత్వం పట్టుకుని నాశనం చేసింది. ఆ బొమ్మల్లోని నలుపంతా ఆయన దారిలో కళ్ళారా చూసినదే. ఒక చిన్న పుస్తకం, చేత్తో గీసిన నల్లబొమ్మలు, వాటిని చూసి భయపడిన ప్రభుత్వం. జైన్ పని చేస్తూ విసుగొచ్చినప్పుడల్లా నేను తలుచుకునేది ఆ పుస్తకాన్నే.

పెద్దావిడకి కూడా అదే చెప్పాను. మా ఇంట్లో అందరూ బాగున్నారమ్మా, ఆ బావి కదిరి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊరిది, నీళ్ళున్న రోజుల్లో ఆ గట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవారు అని.

అపోహ: నలుపు మనకి అశుభం, ఇదంతా పరాయి దేశాల సరుకు.

పసిపిల్లకి స్నానం చేయించి, కాటుక పెట్టి, బుగ్గన దిష్టిచుక్క పెట్టే మనం ఈ మాట అనకూడదు. కడుతున్న ఇంటికి కోరలూ మిడిగుడ్లూ ఉన్న దిష్టిబొమ్మని వేలాడదీసేది ఎవరినో భయపెట్టాలనే సరదాతో కాదు, లోపలివాళ్ళు చల్లగా ఉండాలని. భయంకరమైన మొహం మనల్ని కాపాడుతుందన్న నమ్మకం మన వీధివీధినా కనిపిస్తుంది.

శ్రీకాళహస్తి కలంకారీలో బట్ట మీద పడే మొదటి గీత నల్లదే. తుప్పుపట్టిన ఇనప ముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. ఆ ద్రావణం విడిగా చూస్తే అంత నల్లగా ఏమీ ఉండదు. కరక్కాయ పొడీ పాలూ కలిపి ముంచి ఆరబెట్టిన బట్ట మీద కలం ఆనించాక, కరక్కాయ వగరూ ఇనుమూ కలిసి నల్లబడుతుంది. మొదటిసారి ఆ గీత నా కళ్ళముందే ముదరడం చూసినప్పుడు నాకు ఒళ్ళు ఝల్లుమంది. మేము సీసాల్లో కొనుక్కునే సిరాని వీళ్ళు పెరట్లో కుండలో చేసుకుంటున్నారు.

ఇక తోలుబొమ్మలు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద బొమ్మలు చేసే కుటుంబాలున్నాయి. వాళ్ళ బొమ్మల ఒంటి మీది నగలన్నీ చిల్లులే. ఉలితో ఒక్కొక్క చిల్లూ పొడుస్తారు, వెనక దీపం పెడితే ఆ చిల్లుల్లోంచి హారాలూ వడ్డాణాలూ మెరుస్తాయి. చీకట్లో వెలుగుని ఎక్కడ వదలాలో నేను నేర్చుకున్నది అక్కడే. ఆ తర్వాతే విదేశీ చిత్రకారుల పుస్తకాలు చూశాను.

అపోహ: నల్లరంగు పూసేస్తే చీకటి వచ్చేస్తుంది, సులువైన పని.

కొత్తవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

కాగితమంతా నల్లగా పూస్తే మిగిలేది నల్ల కాగితం. చీకటి కనపడాలంటే ఎక్కడో ఒకచోట వెలుగు ఉండాలి, ఆ వెలుగు నిబ్బు పడని తెల్ల కాగితమే. సిరా సీసా మూత తియ్యకముందే నేను పెన్సిల్‌తో గుర్తుపెట్టుకునేది తెలుపు మిగలాల్సిన చోట్లని. చేద అంచున ఒక గీత, ఆకారం మోకాలి మీద ఒక మచ్చ, అంతే. మిగిలినదంతా గీత మీద గీత అల్లుకుంటూ ముదురుస్తూ వెళ్ళాలి. ఒకవైపు గీతలు ఆరాకే రెండోవైపు గీతలు, లేకపోతే కాగితం లేచిపోతుంది. 1930ల్లో అమెరికా చవక పత్రికలకి బొమ్మలు వేసిన వర్జిల్ ఫిన్లే వేలకొద్దీ చుక్కలతో మొహాల మీద వెలుగుని తేల్చేవాడు. ఆ ముతక కాగితం మీద కూడా ఆ చుక్కలు నిలిచాయంటే, ఎంత దూరం ఎడం ఉంచాలో ఆయన చేతికి తెలుసు.

బొమ్మ బాగా వచ్చినా అచ్చులో చెడిపోవచ్చు. జిరాక్స్ మిషన్‌లో పడేది సిరా కాదు, వేడికి కరిగి కాగితానికి అంటుకునే పొడి. అరచేయంత నల్లమచ్చ ఇచ్చామంటే మధ్యలో బూడిదరంగుకి తేలిపోతుంది. అదే మచ్చని దగ్గరదగ్గర గీతలుగా విడగొట్టి ఇస్తే చక్కగా వస్తుంది. జిరాక్స్ జైన్లలో గీతల అల్లిక అంతగా కనిపించడానికి ఇదొక కారణం. రైసో మిషన్‌లో (స్టెన్సిల్ గుండా సిరా దింపే అచ్చుమిషన్) సిరా పూర్తిగా ఆరదు, పెద్ద నల్లమచ్చ ఉంటే పక్క పేజీకీ చదివేవాళ్ళ వేళ్ళకీ అంటుతుంది.

పెద్ద ప్రెస్సుల్లో వేసే ఆఫ్‌సెట్ అచ్చులో ఇంకో చిక్కు. నలుపు ఒక్కటే వేస్తే ముదురు బూడిదలా కనిపిస్తుంది, అందుకని కింద నీలం, మెజెంటా, పసుపు కొంత శాతం కలుపుతారు. నా మొదటి రంగుల అట్టకి నాలుగు రంగులూ నూటికి నూరు పెట్టి పంపాను. సిరా ఆరక అట్టలు ఒకదానికొకటి అతుక్కున్నాయి. విడదీస్తుంటే బొమ్మ చిరిగింది, సగం ప్రతులు పారెయ్యాల్సి వచ్చింది. అప్పటినుంచి మ్యాప్లిథో (నునుపు పూత లేని మామూలు అచ్చుకాగితం) మీద నాలుగు రంగుల శాతాల మొత్తం 240 దాటనివ్వను, నునుపు పూత ఉన్న ఆర్ట్ పేపర్ మీదైతే 300. ఉత్త గీతల బొమ్మ అయితే 1200 డీపీఐలో (అంగుళానికి 1200 చుక్కలు), బూడిద రంగులు లేకుండా స్కాన్ చేసి ఇవ్వండి. 300లో ఇస్తే సన్నగీతల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

అపోహ: రక్తం ఎంత ఎక్కువ చూపిస్తే అంత భయం.

చందమామలో శంకర్ వేసిన విక్రమార్కుడి బొమ్మ గుర్తు చేసుకోండి. చేతిలో కత్తి, భుజం మీద శవం, చుట్టూ శ్మశానం. రక్తం చుక్క లేదు. అయినా తరాల పిల్లలు ఆ పేజీ తిప్పేముందు ఒక్క క్షణం ఆగారు. మళ్ళీ తిప్పారు కూడా.

అపోహ: ఫ్యాన్‌జైన్ అంటే మంచి పత్రికలో చోటు దొరకనివాళ్ళు వేసుకునేది.

ఫ్యాన్‌జైన్ వేరే రకం పత్రిక. ఒక రచననో, ఒక సంగీతాన్నో, ఒక రకం బొమ్మల్నో ప్రాణంగా ప్రేమించేవాళ్ళు తమలాంటి వాళ్ళ కోసం సొంతంగా వేసుకునేది. 1930లో అమెరికాలో సైన్స్ ఫిక్షన్ అభిమానులు మొదలుపెట్టిన సంచికల్నే తొలి ఫ్యాన్‌జైన్లుగా చెబుతారు, ఆ పేరు మాత్రం 1940లో రస్ షోవెనే అనే అభిమాని పెట్టాడు. అప్పట్లో అవి సైక్లోస్టైల్ లాంటి మిషన్ల మీద తీసేవారు. మన బడుల్లో ఒకప్పుడు ప్రశ్నపత్రాలు తీసినట్టే. 1976లో లండన్‌లో పంక్ అనే రాక్ సంగీతాన్ని ప్రేమించే కుర్రాళ్ళ చేతికి జిరాక్స్ మిషన్ వచ్చాక ఫ్యాన్‌జైన్ రూపమే మారిపోయింది.

మనకి పేరు వేరు, పని కొత్త కాదు. మన బడుల్లో, గ్రంథాలయాల్లో లిఖిత పత్రికలు నడిపిన కాలం ఉంది. ఒకే ఒక్క ప్రతి, ఎవరి దస్తూరీ వాళ్ళది, మధ్యలో బొమ్మలు, చేతులు మారుతూ తిరిగేది. ఏ జైన్‌కైనా అంతకంటే పెద్ద పరువు అక్కర్లేదని నా అభిప్రాయం.

చెయ్యదలుచుకున్నవాళ్ళకి ఒక మాట. పేజీల సంఖ్య నాలుగుతో భాగించేలా చూసుకోండి, ఎందుకంటే ఏ4 కాగితం మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు. సెంటర్ పిన్ కొట్టే పుస్తకంలో పేజీలు పెరిగేకొద్దీ లోపలి కాగితాలు బయటికి పొడుచుకొస్తాయి, కట్ చేసినప్పుడు అంచున ఉన్న గీతలు పోతాయి. బయటి అంచుకి కనీసం ఒక సెంటీమీటరు వదలండి. ముందు మామూలు కాగితంతో డమ్మీ ఒకటి మడిచి, పేజీ నంబర్లు పెన్నుతో వేసి, అప్పుడు బొమ్మలు మొదలుపెట్టండి.

అపోహ: లాభం కోసం చెయ్యకపోతే కాపీరైట్ అడ్డురాదు.

వస్తుంది. డ్రాక్యులా నవల ఆధారంగా 1922లో జర్మనీలో అనుమతి లేకుండా తీసిన నొస్ఫెరాటు సినిమా మీద రచయిత భార్య కోర్టుకెక్కారు. పాత్రల పేర్లు మార్చినా కోర్టు ఒప్పుకోలేదు, ప్రతులు నాశనం చెయ్యమని తీర్పు వచ్చింది. మన చట్టం ప్రకారం రచయిత పోయాక ఇంకో 60 ఏళ్ళు హక్కు ఉంటుంది. జానపద కథలకీ, మీ ఊరి దయ్యాలకీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. వాటి మీదే బొమ్మలు వెయ్యమని నా దగ్గరికి వచ్చే పిల్లలకి చెబుతుంటాను.

మీ బొమ్మ మీద హక్కు వేసిన క్షణం నుంచే మీది, రిజిస్టరు చేయించకపోయినా సరే. అయితే డబ్బు తీసుకుని ఒకరి కోసం వేసిన పెయింటింగ్‌కి, ముందుగా వేరే ఒప్పందం లేకపోతే, హక్కు వాళ్ళకి పోతుంది. అందుకని సగం పేజీ అయినా సరే, రాసుకోండి.

అపోహ: చీకటి బొమ్మలకి గది కూడా చీకటిగా ఉండాలి.

నల్లబొమ్మకి మామూలు అద్దం బిగిస్తే అది మొహం చూసుకునే అద్దమైపోతుంది. గదిలో చీకటి చేసి ఒక్క దీపం పెడితే ఇంకా నయం అనుకుంటారు గానీ, ఆ దీపమే బొమ్మ నడుమ తెల్లగా మెరుస్తుంది. దీపాన్ని పైనుంచి ఏటవాలుగా, చూసేవాళ్ళ కళ్ళలోకి తిరిగి కొట్టని కోణంలో పెట్టాలి. వెలుగు మెత్తగా, సమంగా ఉండాలి. కాగితం మీది పనికి 50 లక్స్ (వెలుగుని కొలిచే లెక్క) చాలంటారు మ్యూజియంలవాళ్ళు. మసితో చేసిన సిరా వెలిసిపోదు గానీ మార్కర్ పెన్నులు వెలిసిపోతాయి, కాగితం పసుపెక్కుతుంది. మెరుపు లేని అద్దం ఖరీదు, చిన్న ప్రదర్శనలకి అందదు.

మా ప్రదర్శనలోనూ మామూలు అద్దమే. పెద్దావిడ అంతసేపు ఎందుకు నిలబడ్డారో తర్వాత ఆవిడే చెప్పారు. బావి గట్టు మీద తన మొహం కనిపిస్తోందట. మా ఊరి బావీ ఇలాగే ఎండింది తల్లీ, గట్టు మాత్రం దీనికంటే పెద్దది అన్నారు. బల్ల మీది జైన్ ఒకటి కొని, అట్ట లోపల తన ఊరి పేరు రాసిమ్మన్నారు. ఆవిడ ఒక్కొక్క అక్షరం చెబుతుంటే రాసిచ్చాను.