కణాలు పెంచే సంచి: కొనేముందు ఊపిరి లెక్క

నెల్లూరు తీరంలో రొయ్యల గుంట ఉన్నవాళ్లకు తెల్లవారుజామున నిద్ర పట్టదు. డీఓ, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయే వేళ అది. రాత్రంతా ప్లాంక్టన్‌తో (నీటిలో తేలే సూక్ష్మజీవులతో) సహా గుంటలో ప్రాణమున్నవన్నీ ఆక్సిజన్ పీలుస్తూనే ఉంటాయి, తిరిగి తయారవ్వాలంటే ఎండ రావాలి. నీటికి గాలి పట్టించే ఏరేటర్లు ఆగాయా, రొయ్యలు తేలతాయి. మందుల కోసం క్షీరద కణాలు పెంచే బయోరియాక్టర్‌లోనూ, అది స్టీలు ట్యాంకైనా ప్లాస్టిక్ సంచైనా, పెద్ద గండం ఇదే. 37 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో గాలి నుంచి కరిగే ఆక్సిజన్ సుమారు 7 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు కోటి కణాలు చేరాక గాలి ఆగితే, నాలుగైదు నిమిషాల్లో ఆ నిల్వ ఖాళీ.

క్యాన్సర్, కీళ్లవాతం మందుల్లోని యాంటీబాడీలు చాలావరకు సీహెచ్‌ఓ కణాల్లో తయారవుతాయి. చైనీస్ హ్యామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి 1957లో శాస్త్రవేత్త థియోడర్ పక్ వేరుచేసిన కణాల వంశమిది. స్టీలు ట్యాంకులో పెంచితే ప్రతి బ్యాచ్‌కీ కడగాలి, ఆవిరి పట్టాలి, శుభ్రమైందని రుజువులు రాసి పెట్టుకోవాలి. గామా కిరణాలతో ముందే శుద్ధి చేసిన ప్లాస్టిక్ సంచికి ఆ బాధ లేదు, వాడి పారేయడమే. విజయ్ సింగ్ రూపొందించిన, పళ్లెం మీద ఊగే సంచి వివరాలు 1999లో అచ్చయ్యాయి. ఇప్పుడు తెడ్డు తిరిగే సంచులు 2000 లీటర్ల దాకా మామూలే. పదివేల లీటర్లు కావాలంటే మాత్రం ఇంకా స్టీలే.

అమ్మేవాళ్లు కడుగుడు ఖర్చు మిగులుతుందంటారు. నిజమే, కానీ నేనైతే ముందు కేఎల్‌ఏ అడుగుతాను. గాలిలోని ఆక్సిజన్ ద్రవంలోకి ఎంత వేగంగా దిగుతుందో చెప్పే అంకె అది. కొలవడం కష్టమేమీ కాదు: నైట్రోజన్ పంపి ఉన్న ఆక్సిజన్‌ను తరిమేసి, గాలి తిప్పి, డీఓ ప్రోబ్‌లో అంకె ఎక్కే తీరు రాసుకోవడమే. ప్రోబ్ మందకొడిదైతే లెక్క తప్పుతుంది. ఉత్త నీళ్లతో చేసిన పరీక్షనూ నమ్మొద్దు. నురగ అణచే మందు పడగానే కేఎల్‌ఏ పడిపోతుంది కాబట్టి, కణాలు పెరిగే పోషక ద్రవం, అంటే అసలు మీడియంలోనే, ఆ మందు వేసే కొలవాలి.

గాలి ఎక్కువ కొడితే సరిపోదా? ఈ కణాలకు గోడ ఉండదు, పైన బుడగ పగిలిన అదురుకే చితికిపోతాయి. అందుకే మీడియంలో పోలోక్జమర్ 188 అనే, కణాలను ఆ దెబ్బ నుంచి కాపాడే పదార్థం కలుపుతారు. బుడగ సైజుతో ఇంకో పేచీ. సన్న బుడగలు ఆక్సిజన్ బాగా ఇస్తాయి గానీ కార్బన్ డయాక్సైడ్‌తో ఇట్టే నిండిపోయి, దాన్ని సరిగా బయటికి మోయలేవు. లావు బుడగలు మోస్తాయి, ఆక్సిజన్ మాత్రం తక్కువిస్తాయి. చిన్న సంచిలో కనబడని ఈ చిక్కు వెయ్యి లీటర్ల దగ్గర బయటపడుతుంది.

ఇక ప్లాస్టిక్ సంగతి. సంచి ఫిల్మ్ పాడవకుండా కలిపే ఒక యాంటీఆక్సిడెంట్, గామా కిరణాలు తగిలాక విరిగి, కణాల ఎదుగుదలను ఆపే పదార్థంగా మారుతుందని 2013లో ప్రచురించిన పరిశోధనలో తేలింది. మీడియంలోకి అది అతి కొద్దిగా ఊరినా చాలు. చిన్న సంచిలో లీటరు ద్రవానికి తగిలే ప్లాస్టిక్ ఎక్కువ, అందుకని దెబ్బ అక్కడే ముందు కనబడొచ్చు. కాబట్టి పరీక్షకు మొండి కణాలను కాకుండా, ప్రతిదానికీ అలిగే క్లోన్‌నే (ఒకే కణం నుంచి పెరిగిన కణాల గుంపునే) తీసుకోవాలి. సంచిలో మీడియం పోసి కొన్నాళ్లు నిల్వ ఉంచాక, అందులో పలచగా కణాలు చల్లి, పక్కనే గాజు పాత్రలో అదే మీడియంతో పెంచి పోల్చాలి. ఫిల్మ్ రకం మారిస్తే ముందే తెలియజేస్తామన్న హామీని కొనుగోలు కాగితంలోనే రాయించుకోవాలి.