ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్: అపోహలు - వాస్తవాలు

ఐటీ సంస్థల్లో మేనేజర్లకు నాయకత్వ శిక్షణ ఇవ్వడం నా వృత్తి. అప్రైజల్స్, అంటే పనితీరు సమీక్షలు, ముగిసిన వెంటనే నన్ను కలిసేవారిలో చాలామంది ఒకే వాక్యాన్ని పట్టుకొని వస్తారు: "ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ ఇంకా మెరుగుపడాలి." నాయకుడిగా ఎదుటివారికి నమ్మకం కలిగించే తీరును ఈ పేరుతో పిలుస్తారు. రాసిన పైఅధికారి ఏ మీటింగులో ఏ లోటు కనిపించిందో చెప్పడు. చదివినవారు మాత్రం తమ ఇంగ్లీషునో, యాసనో, చదువుకున్న తెలుగు మీడియం బడినో తప్పుపట్టుకొని రాత్రుళ్లు నిద్రకు దూరమవుతారు. ముఖ్యంగా వారిని ఉద్దేశించే ఇది రాస్తున్నాను.

అపోహ: ధారాళమైన ఇంగ్లీషు, విదేశీ యాస ఉంటేనే నాయకుడిగా గుర్తిస్తారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహ ఇదే. దీన్ని నమ్మి ఎందరో డబ్బు కట్టి యాస మార్చుకునే కోర్సుల్లో చేరుతున్నారు, లేదా తప్పు దొర్లుతుందన్న భయంతో మీటింగుల్లో నోరు మెదపడమే మానేస్తున్నారు. చెప్పింది ఎదుటివారికి అర్థం కావాలి, అందులో సందేహం లేదు. అందుకు వేగం కాస్త తగ్గించి, వాక్యం చివరి మాటను మింగేయకుండా పలికితే సరిపోతుంది. పైస్థాయివారు మీ నోటి నుంచి వినాలనుకునేది వేరు: ఏం జరగబోతోంది, దానిపై మీ నిర్ణయం ఏమిటి, తమ నుంచి మీకు కావలసినదేమిటి.

ఖమ్మం జిల్లాలో తెలుగు మీడియంలో చదివి, హైదరాబాద్‌లో క్లయింట్లకు ప్రాజెక్టులు అందించే బాధ్యత చూసే డెలివరీ మేనేజర్‌గా ఎదిగిన ఒకావిడ నాతో, "మేడమ్, నేను మాట్లాడుతుండగానే క్లయింట్లు మా డైరెక్టర్ గారిని అడగడం మొదలుపెడతారండీ. నా యాస వల్లే కదా?" అన్నారు. ఆవిడ కాల్ రికార్డింగును ఇద్దరం కలిసి విన్నాం. సాఫ్ట్‌వేర్ కొత్త రిలీజ్ ఈ శుక్రవారం వెళుతుందా అన్నది క్లయింట్ ప్రశ్న. ఆవిడ జవాబు సోమవారం టెస్ట్ సర్వర్ ఆగిపోవడంతో మొదలై, మంగళవారం వెండర్ ఆలస్యం మీదుగా సాగి, "అయినా ప్రయత్నిస్తాం" అన్న దగ్గర ఆగింది. మొదట కారణం చెప్పి, చివర్లో "కాదు" అనడం మన ఇళ్లలో మర్యాద. పెద్దల ముఖాన సూటిగా "కాదు" అనలేం. కాల్‌లో జవాబు కోసం కాచుకున్న మనిషికి మాత్రం అదే మర్యాద దాటవేతలా వినిపిస్తుంది, "ప్రయత్నిస్తాం" అన్న మాటను అతడు ఒప్పుకోలుగా రాసుకుంటాడు.

ఆ జవాబును ఇలా మార్చాం: "శుక్రవారం వెళ్లదు, వచ్చే మంగళవారం వెళుతుంది. పేమెంట్స్ భాగంలో రెండు లోపాలు మిగిలాయి. శుక్రవారమే కావాలంటే ఆ భాగం తీసేసి మిగతాది ఇవ్వగలం. ఏది కావాలో ఈ రోజు చెప్పండి." ఆవిడ యాసలో ఏ మార్పూ రాలేదు. కొన్నాళ్లకు క్లయింట్లు డైరెక్టరును వదిలి నేరుగా ఆవిడనే అడగసాగారు.

ఈ అపోహకు ఊతమిచ్చే ఒక లెక్క శిక్షణ తరగతుల్లో తరచూ వినిపిస్తుంది: మాటల ప్రభావం 7 శాతం, గొంతుది 38, ముఖకవళికలది 55 అని. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ మెహ్రేబియన్ 1967లో ప్రచురించిన రెండు ప్రయోగాల నుంచి పుట్టిన లెక్క ఇది. ఆ ప్రయోగాల్లో వాడినవి విడివిడి పదాలు. పరిశీలించినది ఇష్టాయిష్టాలు తెలిపేటప్పుడు మాటకూ, గొంతుకూ, ముఖానికీ పొంతన కుదరని సందర్భాన్ని. మిగతా సంభాషణలకు ఇది వర్తించదని ఆయనే స్పష్టం చేశారు. అయినా మేనేజర్లకు ఈ లెక్క చూపించి, చెప్పే విషయానికి విలువే లేదన్నట్టు బోధించడం నాకు కోపం తెప్పిస్తుంది.

యాసను బట్టి చిన్నచూపు చూసే ఆఫీసులు లేవని నేను అనను. ఆడవాళ్లకు ఒక ఏడాది "మరీ మెతక", మరుసటి ఏడాది "మరీ దూకుడు" అన్న ఫీడ్‌బ్యాక్ రావడమూ నేను చూశాను. అలాంటి చోట లోపం మీది కాదు.

అపోహ: నాయకుడు తన పొరపాటు ఒప్పుకుంటే పలుచనవుతాడు.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయ్యారు. అదే ఏడాది అక్టోబరులో ఫీనిక్స్‌లో మహిళా సాంకేతిక నిపుణుల సదస్సులో, జీతం పెంపు అడగడం గురించిన ప్రశ్నకు, అడగకుండా వ్యవస్థను నమ్మాలన్న అర్థంలో జవాబిచ్చి విమర్శల పాలయ్యారు. ఆ రోజే ఉద్యోగులకు లేఖ రాసి, ఆ ప్రశ్నకు తాను పూర్తిగా తప్పు జవాబిచ్చానని ఒప్పుకున్నారు. ఆయన స్థాయి తగ్గలేదు. సమర్థించుకుంటూ కూర్చుని ఉంటే ఆ తప్పు ఇంకా పెద్దదయ్యేది.

అపోహ: వర్క్ ఫ్రమ్ హోమ్‌లో కెమెరా ఎప్పుడూ ఆన్‌లో ఉంటేనే ఉనికి తెలుస్తుంది.

వీడియో కాల్స్ అలసటకు స్టాన్‌ఫోర్డ్ ఆచార్యుడు జెరెమీ బైలెన్సన్ 2021లో నాలుగు కారణాలు ప్రతిపాదించారు: అతి దగ్గరగా తదేకంగా చూసే ముఖాలు, తెరపై తన ముఖమే తనకు కనిపించడం, కదలకుండా కూర్చోవడం, సైగలు ఇవ్వడానికీ గ్రహించడానికీ పడే అదనపు శ్రమ. కాబట్టి మీరు మాట్లాడే కాల్స్‌లో, ఒకరితో ఒకరు జరిపే సంభాషణల్లో కెమెరా పెడితే చాలు. వెలుగు ముఖం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి, మీ ముఖం మీకు కనిపించే అమరికను తీసేయండి. దూరం నుంచి పనిచేసేవారి ఉనికి ఎక్కువగా రాతలోనే కనిపిస్తుంది. అమెజాన్‌లో 2004 నుంచి పైస్థాయి సమావేశాల్లో స్లైడ్లను పక్కనపెట్టి, వాక్యాల్లో రాసిన నివేదికను మొదట అందరూ మౌనంగా చదవడం అలవాటు చేశారు. కాల్ ముగియగానే ఏం నిర్ణయించాం, ఎవరు, ఎప్పటికి చేయాలి అని నాలుగు వరుసల మెయిల్ పంపే మనిషిని ఆ కాల్‌లో ఎవరూ మరచిపోరు.

దుస్తుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. శుభ్రంగా, సందర్భానికి తగ్గట్టు ఉంటే చాలు. ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్ పుట్టుకతోనే రావాలన్న మాట కూడా అపోహే.

సగం మంది గదిలో, సగం మంది తెరపై ఉన్న మీటింగును మీరు నడుపుతుంటే, అభిప్రాయం మొదట తెరపై ఉన్నవారిని అడగండి. గదిలో గుసగుసలుగా సాగిన చర్చను వారికి వినిపించేలా మళ్లీ చెప్పండి. ఇక అప్రైజల్‌లో ఆ వాక్యం మీకే వచ్చి ఉంటే, పైఅధికారిని అడగండి: "ఏ మీటింగులో, నేను ఏం చేసినప్పుడు అలా అనిపించింది? అప్పుడు నేనేం చేసి ఉండాల్సింది?" వచ్చిన జవాబును మెయిల్‌లో రాసి, తిరిగి ఆయనకే పంపండి.