ట్రస్టు రిటర్న్: ట్రస్టీలలో ఉన్న అపోహలు, చట్టం చెప్పే వాస్తవాలు

సెప్టెంబర్ వచ్చిందంటే నల్గొండలో పన్ను రిటర్న్‌లు వేసే మా ఆఫీసు ముందు రసీదు బుక్కులున్న కవర్లు పట్టుకుని పెద్దమనుషులు కూర్చుంటారు. ఊరి బడిలో చదివినవాళ్లు కలిసి పెట్టిన విద్యా ట్రస్టు కార్యదర్శి, కుల సంఘం హాస్టల్ కోశాధికారి, మర్రిగూడ వైపు మంచినీళ్ల ప్లాంటు నడిపే ట్రస్టీ, ఇలాంటి వాళ్లు. ఇన్నేళ్లలో ట్రస్టు డబ్బు సొంతానికి వాడుకున్నవాళ్లు నాకు చాలా తక్కువ కనిపించారు. జేబులోంచి పెట్టుకుని తిరిగేవాళ్లే ఎక్కువ. అయినా వాళ్లకు ఆదాయపు పన్ను శాఖ నుంచి నోటీసులు వస్తున్నాయి. వాటిలో చాలావరకు ఒకరి నుంచి ఒకరు విని నమ్మిన మాటల వల్ల వచ్చినవే. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: "ట్రస్టు డీడ్ (దస్తావేజు) రిజిస్టర్ అయింది కదా, ఇక పన్ను లేదు."

సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ రిజిస్టర్ చేయిస్తే ట్రస్టు పుడుతుంది. 2001 నాటి సొసైటీల చట్టం కింద నమోదైతే సొసైటీ పుడుతుంది. పన్ను మినహాయింపు మాత్రం వేరే కాగితం మీద వస్తుంది. అది ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏబీ రిజిస్ట్రేషన్. అది లేకపోతే జనం ఇచ్చిన చందాలు కూడా ఆదాయం కిందికే వస్తాయి.

ఆ రిజిస్ట్రేషన్‌కు గడువు కూడా ఉంటుంది. ఒకప్పుడు ఒకసారి తీసుకుంటే ఎప్పటికీ ఉండేది. 2021 నుంచి అందరూ మళ్లీ తీసుకోవాల్సి వచ్చింది, అదీ ఐదేళ్లకే. 2025లో చట్టం మార్చి, వెనకటి రెండేళ్లలో ఏడాది ఆదాయం 5 కోట్లు దాటని ట్రస్టులకు పదేళ్లు ఇచ్చే వీలు కల్పించారు. మీ దగ్గరున్న 10ఏసీ ఆర్డర్ (రిజిస్ట్రేషన్ ఇచ్చిన కాగితం) తీసి, ఏ సంవత్సరం వరకు ఉందో ఇవాళే చూసుకోండి. గడువుకు ఆరు నెలల ముందే దరఖాస్తు పెట్టాలి. ఊరికే వదిలేస్తే ట్రస్టు ఆస్తుల విలువ మీదే పన్ను వేసే నిబంధన ఉంది. అప్పు తెచ్చి హాస్టల్ కట్టిన సంఘానికి ఆ పరిస్థితి రాకూడదు.

అపోహ: "పన్ను లేనప్పుడు రిటర్న్ ఎందుకు?"

నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇది. మినహాయింపు లెక్కించక ముందు ట్రస్టు ఆదాయం పన్ను పడని పరిమితి దాటితే రిటర్న్ వేయాల్సిందే. 12ఏబీ ఉన్నవాళ్లకు రిటర్న్ ఫారం ఐటీఆర్-7. ఆడిట్ కూడా తప్పదు. ఆదాయం 5 కోట్లు దాటినా, విదేశీ విరాళం తీసుకున్నా, దేశం బయట ఖర్చు పెట్టినా ఆడిట్ రిపోర్టు 10బీ ఫారంలో ఇవ్వాలి. మిగతావాళ్లకు 10బీబీ. ఆడిట్ రిపోర్టుకు సెప్టెంబర్ 30, రిటర్న్‌కు అక్టోబర్ 31. గడువు తప్పితే డిసెంబర్ 31 వరకు ఆలస్యంగా వేయవచ్చు, మినహాయింపు కూడా ఉంటుంది. అదీ దాటాక వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌తో మాత్రం మినహాయింపు అడగడానికి లేదు.

దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో రిటైర్డ్ హెడ్‌మాస్టర్ నడిపే విద్యా ట్రస్టు ఉంది. పదో తరగతి పిల్లలకు సాయంత్రం క్లాసులు, హాస్టల్ ఫీజులు, అన్నీ పద్ధతిగా జరిగేవి. ఆడిట్ అయింది, ఆడిటర్ రిపోర్టు అప్‌లోడ్ చేశారు, రిటర్న్ కూడా వెళ్లింది. కొన్ని నెలల తర్వాత రిటర్న్‌లు పరిశీలించే బెంగళూరు కేంద్రం సీపీసీ నుంచి మినహాయింపు కొట్టేసి పన్ను కట్టమని ఇంటిమేషన్ వచ్చింది. ఆయన అది పట్టుకుని వచ్చి, "సార్, పైసా పైసాకు రసీదు ఉంది, నేనేం తప్పు చేసిన?" అన్నారు. ఆయన చేయి వణకడం నాకు ఇప్పటికీ గుర్తే. తప్పు ఒక్కటే. ఆడిటర్ అప్‌లోడ్ చేసిన రిపోర్టును ఆదాయపు పన్ను శాఖ పోర్టల్లో ట్రస్టు లాగిన్‌లోకి వెళ్లి ఎవరూ 'యాక్సెప్ట్' చేయలేదు. అలా చేస్తేనే రిపోర్టు దాఖలైనట్టు లెక్క. పోర్టల్లో ఉన్న ఫోన్ నంబర్ అంతకుముందున్న అధ్యక్షుడిది. ఆయన చనిపోయి రెండేళ్లయింది, మెసేజ్‌లన్నీ ఆ నంబర్‌కే పోయాయి.

ఇలాంటి ఆలస్యాన్ని మన్నించమని ఆదాయపు పన్ను కమిషనర్‌ను కోరే దారి ఉంది. 2024 నవంబర్ సర్క్యులర్ ప్రకారం 365 రోజుల లోపు ఆలస్యమైతే కమిషనరే నిర్ణయం తీసుకోవచ్చు. మేము ఆ దారిలోనే వెళ్లాం. కానీ ఆ నెలలన్నీ హెడ్‌మాస్టర్ గారు సరిగా నిద్రపోలేదని ఇంట్లోవాళ్లు చెప్పారు. కార్యదర్శి మారిన రోజే పోర్టల్లో ఫోన్ నంబర్, ఈమెయిల్, ప్రధాన వ్యక్తి పాన్ మార్పించండి. పది నిమిషాల పని.

అపోహ: "డబ్బు బ్యాంకులోనే ఉంది, ఎవరూ తినలేదు. ఇంకేం తప్పు?"

ఉండటమే తప్పు కావచ్చు. ఏడాది ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే ట్రస్టు పనులకు ఖర్చు కావాలి. 10 లక్షలు వచ్చి 6 లక్షలే ఖర్చయితే, లక్షన్నర ఎలాంటి షరతూ లేకుండా ఉంచుకోవచ్చు. మిగిలిన రెండున్నర లక్షలకు కారణం రాసి ఫారం ఇవ్వాలి. గది కట్టడం లాంటి ఫలానా పనికి దాచుకుంటామంటే ఫారం 10, ఐదేళ్ల వరకు. రావాల్సిన డబ్బు రాకపోతే ఫారం 9ఏ. వీటికి తేదీ ఆగస్టు 31. రిటర్న్ అసలు గడువు లోపు ఇచ్చినా ఒప్పుకుంటామని శాఖ 2023లో చెప్పింది కానీ దాని మీద ఆధారపడకండి.

బిల్లు రాసి పెట్టుకుంటే ఖర్చు అయినట్టు కాదు, డబ్బు నిజంగా చెల్లించాలి. మేస్త్రీకి ఒకే రోజు 10 వేలకు మించి నగదు ఇస్తే అది ఈ లెక్కలోకి రాదు. ఊళ్లో పనులన్నీ నగదు మీదే నడుస్తాయని నాకూ తెలుసు. అయినా మేస్త్రీకి బ్యాంకు ఖాతా ఉంది, అందులో వేయండి. వేరే ట్రస్టుకు విరాళం ఇస్తే అందులో 85 శాతమే ఖర్చు కింద వస్తుంది.

ఇక మిత్తి సంగతి. హాస్టల్ నిధిని రెండు రూపాయల మిత్తికి ఊళ్లోవాళ్లకు ఇచ్చి, ఆ మిత్తితో వంట నడిపిన సంఘాలు పాలమూరు వైపు నేను చూశాను. ఉద్దేశం మంచిదే. కానీ ట్రస్టు డబ్బు బ్యాంకు డిపాజిట్ లాంటి చట్టం చెప్పిన చోట్లే ఉండాలి. మిత్తికి తిప్పినా, చిట్టీలో పెట్టినా ఆ మేరకు 30 శాతం పన్ను పడుతుంది.

అపోహ: "చందాలు కార్యదర్శి ఫోన్‌పేకి వస్తే ఏమవుతుంది, లెక్క ఉంది కదా."

లెక్క మీ నోటు పుస్తకంలో ఉంటుంది. బ్యాంకు రికార్డులో అది కార్యదర్శి సొంత డబ్బుగానే కనిపిస్తుంది. రేపు అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. ట్రస్టు పాన్ మీద ఖాతా, ఆ ఖాతాకే క్యూఆర్ పెట్టండి.

అపోహ: "పొలం కౌలు కూడా 85 శాతంలో కలపాలి."

అక్కర్లేదు. సాగు భూమి మీద వచ్చే కౌలు వ్యవసాయ ఆదాయం. 12ఏబీ ఉన్న ట్రస్టుకు కూడా దాని మినహాయింపు వేరుగా ఉంటుంది. రిటర్న్‌లో చూపిస్తే చాలు.

అపోహ: "నీళ్లు అమ్మితే అది వ్యాపారం, మినహాయింపు పోతుంది."

ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన మనుషులను చూసి పెరిగిన జిల్లా మనది. అందుకే ఈ ప్రశ్న మీద నాకు శ్రద్ధ ఎక్కువ. కరెంటు బిల్లుకు, ఆపరేటర్ జీతానికి సరిపడా మాత్రమే క్యాన్‌కు డబ్బు తీసుకోవడం, లాభం చూసుకోవడం ఒకటి కావు. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు అహ్మదాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ కేసులో ఇదే తేడా చెప్పింది. ఖర్చుకు తగ్గట్టు, లేదా నామమాత్రం ఎక్కువగా తీసుకుంటే దాన్ని వ్యాపారం అనరు. ఖర్చు మీద బాగా ఎక్కువ తీసుకుంటే మాత్రం ఆ వసూళ్లు ట్రస్టు మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. కాబట్టి ప్లాంటుకు విడిగా లెక్కల పుస్తకం పెట్టండి. లీటరుకు ఎంత ఖర్చవుతుందో మీరు చూపించగలగాలి.

అపోహ: "80జీ (విరాళంపై పన్ను తగ్గింపు) రసీదు ఇస్తే దాతకు పన్ను తగ్గుతుంది."

పాత పద్ధతిలో రిటర్న్ వేసేవాళ్లకే తగ్గుతుంది. కొత్త పద్ధతిలో ఉన్నవాళ్లకు ఈ తగ్గింపు లేదు. నగదుగా 2 వేలకు మించి ఇచ్చినా లేదు. మే 31 లోపు ట్రస్టు, విరాళాల వివరాలు చెప్పే 10బీడీ ఫారం వేయాలి. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము పడుతుంది.

చట్టం మారింది కదా అని కూడా అడుగుతున్నారు. 2025 ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, అందులో సెక్షన్ల నంబర్లు వేరు. 2025-26లో వచ్చిన ఆదాయానికి పాత చట్టమే వర్తిస్తుంది. నేను ఇక్కడ చెప్పిన నంబర్లన్నీ పాత చట్టానివి.

అపోహ: "కుటుంబ ట్రస్టు ఆదాయం ట్రస్టీ తన రిటర్న్‌లో చూపించాలి."

జడ్చర్లలో ఒకాయన, బుద్ధిమాంద్యం ఉన్న తన కొడుకు కోసం దుకాణాన్ని ట్రస్టుగా ఉంచమని వీలునామా రాసి పోయారు. కొడుకు వయసు 22. అబ్బాయి చిన్నాన్న ట్రస్టీ. నెలకు 25 వేల అద్దెను ఆయన నాలుగేళ్లు తన ఆదాయంలో కలుపుకుని, 30 శాతం స్లాబులో పన్ను కట్టారు. నిజానికి లబ్ధిదారు ఒక్కడే, అతని వాటా స్పష్టంగా ఉంది. అలాంటప్పుడు ట్రస్టీ ప్రతినిధిగా, ఆ అబ్బాయికి ఎంత పన్ను పడుతుందో అంతే కట్టాలి. ఏడాది అద్దె 3 లక్షలు, అందులో అద్దె ఆదాయానికి చట్టం ఇచ్చే 30 శాతం తగ్గింపు పోతే 2 లక్షల 10 వేలు. వేరే ఆదాయం లేదు, ఇది పన్ను పడని పరిమితి లోపే ఉంది కాబట్టి పన్ను సున్నా. ఎవరికి ఎంత ఇవ్వాలో ట్రస్టీ ఇష్టానికి వదిలిన ట్రస్టుల్లో మాత్రం సాధారణంగా అత్యధిక రేటు పడుతుంది, అందుకే డీడ్ రాసేటప్పుడే వాటాలు స్పష్టంగా రాయించాలి.

ప్రతినిధిగా కట్టిన పన్నును ట్రస్టు డబ్బులోంచి తీసుకునే హక్కు 162వ సెక్షన్ ట్రస్టీకి ఇస్తుంది. ఈయన తన సొంత ఆదాయంగా చూపించి కట్టారు కాబట్టి, ఆ డబ్బు తనకు రావాలని చూపే కాగితం ఆయన దగ్గర లేదు. పాత ఏళ్ల రిటర్న్‌లు సరిదిద్దే గడువు కూడా దాటిపోయింది. ఇప్పుడు ట్రస్టుకు పాన్, విడిగా బ్యాంకు ఖాతా తెరిపించాం. ఈ ఏడాది అద్దె అందులోకే వస్తోంది.