విశాఖ వృద్ధాశ్రమాలు: చట్టం చూపు కొడుకు మీదే

మన ఊళ్లో నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. దానికి 2002 నాటి రాష్ట్ర చట్టం ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా నడపకూడదు. అదే వీధిలో నెలకింతని తీసుకుని ముసలివాళ్లను ఉంచుకునే ఇల్లు మాత్రం ఏ సొసైటీ పేరునో, ట్రస్టు పేరునో నడిచిపోతుంది. మంచాలెన్ని, రాత్రిపూట ఆయాలెందరు అన్న ఆరా ఆ నమోదులో ఉండదు.

ఆశ్రమాల్లో వేధింపుల గొడవ రేగినప్పుడల్లా అందరూ తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం వచ్చిన 2007 చట్టం పేరెత్తుతారు. పిల్లలు చూడకపోతే ఆర్డీవోకు అర్జీ, నెలకు 10,000 రూపాయల దాకా పోషణ ఖర్చు: ఇదంతా తెలిసిందే. ఆ చట్టం రాసినవాళ్ల కళ్లముందు మెదిలింది అన్నం పెట్టని కొడుకు. డబ్బు పుచ్చుకుని పట్టించుకోని నిర్వాహకుడు కాదు. పెద్దవాళ్లను ఎక్కడో వదిలేసి పోతే 24వ సెక్షన్ కింద మూడు నెలల జైలు, 5,000 జరిమానా, లేదా రెండూ. వదిలేయకుండా గదిలో పెట్టి గడియ వేస్తే? మామూలు శిక్షాస్మృతే దిక్కు. నిస్సహాయుల్ని చూసుకుంటామని ఒప్పుకుని కావాలని మానేయడం ఐపీసీ 491 కింద నేరమే. జరిమానా మాత్రం 200 రూపాయలు! 2024 జులై నుంచి అది ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 357వ సెక్షన్ అయింది, జరిమానా 5,000కు పెరిగింది.

నన్నడిగితే కథ మలుపు తిరిగింది 2019 డిసెంబరులో. అప్పుడు లోక్‌సభకొచ్చిన, ఆ 2007 చట్టాన్ని సవరించే బిల్లులో ప్రైవేటు ఆశ్రమాలకు రిజిస్ట్రేషన్, తిండికీ వసతికీ వైద్యానికీ కనీస ప్రమాణాలు, ప్రతి పోలీస్ స్టేషన్‌లో పెద్దల కోసం ఒక అధికారి ఉన్నాయి. 2021 జనవరికల్లా దాన్ని పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘం నివేదికా వచ్చింది. ఆ తర్వాత మూడేళ్లు ఉలుకూ పలుకూ లేదు. 2024లో 17వ లోక్‌సభతో పాటే బిల్లూ మురిగిపోయింది.

ఆయాలు దొరకరు, దొరికినా నిలవరు అంటారు నిర్వాహకులు. నిజమే కావచ్చు.

అమెరికాలో ఉన్న కొడుకు వీడియో కాల్ చేస్తాడు. అమ్మకు తల దువ్వి, బొట్టు పెట్టి, ఫోను ముఖానికి ఎదురుగా పట్టుకుంటారు. వీపు మీద పడక పుండు ఆ కాల్‌లో కనబడదు. నేను చూసిన ఒక ఆశ్రమం రసీదులో నెలవారీ డబ్బుకు ‘విరాళం’ అని రాశారు. రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళితే, మేం సేవ అమ్మలేదని వాదించడానికి ఆ ఒక్క మాట పనికొస్తుంది. పెద్దల హెల్ప్‌లైన్ 14567 అయితే ఉంది. ఆశ్రమంలో ఫోను ఉన్నది మేనేజరు బల్ల మీద.