రెండో దశ ఫలితాలు పారేయాలా? 1989లోనే తేలిన సంగతి

ఒకే మనిషికి రెండు మందులను ఒకదాని తర్వాత ఒకటి ఇచ్చి పోల్చే క్రాస్ఓవర్ ట్రయల్స్‌లో రెండో దశ ఫలితాలను నమ్మాలా వద్దా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. మొదటి మందు ప్రభావం రెండో దశలోకి పాకిందేమో ముందు టెస్ట్ చేయాలి, పాకినట్టు తేలితే మొదటి దశ అంకెలతోనే సరిపెట్టుకోవాలి అన్నది ఒక వర్గం మాట. వినడానికి జాగ్రత్తగానే ఉంటుంది.

సగం మందికి ముందు ఒక మందు, మిగతావాళ్లకు ముందు రెండోది, తర్వాత మార్పిడి. ఇదీ ఈ డిజైన్. కథ మలుపు తిరిగింది 1989లో, గణాంక నిపుణుడు పి.ఆర్. ఫ్రీమన్ పేపర్‌తో. ముందు టెస్ట్, దాన్నిబట్టి ఏ అంకెలు వాడాలో నిర్ణయం అంటూ 1965లో మరో గణాంక నిపుణుడు గ్రిజిల్ సూచించిన ఈ రెండంచెల పద్ధతిని అప్పటిదాకా చాలామంది మారుమాట లేకుండా వాడారు. అందులో మందుల మధ్య లేని తేడా ఉన్నట్టు తప్పుడు ఫలితం వచ్చే అవకాశం మనం అనుకునే 5 శాతాన్ని దాటిపోతుందని ఫ్రీమన్ లెక్కగట్టి చూపించారు.

కారణం చూడండి. ఎవరికి ముందు ఏ మందో తేల్చే లాటరీలో ఒక గ్రూపులోకి తీవ్రమైన కేసులు కాస్త ఎక్కువ పడ్డాయనుకుందాం. వాళ్ల అంకెలు రెండు దశల్లోనూ ఎక్కువే ఉంటాయి. మొదటి మందు ప్రభావం రెండో దశలోకి పాకడాన్ని, అంటే క్యారీఓవర్‌ను, రెండు దశల అంకెలనూ కూడి గ్రూపులను పోల్చి పట్టుకునే టెస్ట్ ఆ తేడాను చూసి, మందు ప్రభావం మిగిలిందంటుంది. సరేనని మొదటి దశకు వెళ్తే అక్కడా అదే గ్రూపు, అవే కేసులు. లేని తేడా మందుల మధ్య కనబడుతుంది. ఒకే మనిషి రెండు దశల అంకెలను పోల్చి ఉంటే ఆ తీవ్రత దానంతటదే కొట్టుకుపోయేది.

పైగా ఈ టెస్ట్ చేసేది వేర్వేరు మనుషుల మధ్య పోలిక. క్రాస్ఓవర్ ట్రయల్స్‌లో జనం తక్కువే ఉంటారు కాబట్టి నిజంగా క్యారీఓవర్ ఉన్నా టెస్ట్‌కు దొరక్కపోవచ్చు.

టెస్ట్ మానేస్తే క్యారీఓవర్‌ను దాచినట్టు కాదా అని అవతలివాళ్లు అడుగుతున్నారు. భయం నిజమే. జబ్బును పూర్తిగా నయం చేసే మందుకు ఈ డిజైనే పనికిరాదు. కానీ అది ట్రయల్ మొదలుపెట్టకముందే, మందు ఒంట్లో ఎంతసేపు నిలుస్తుందో చూసి తేల్చుకోవాల్సిన విషయం. డిజైన్ ఎందుకు ఎంచుకున్నారో, మొదటి మందు ఒంట్లోంచి పోవడానికి రెండు దశల మధ్య ఇచ్చే వాషౌట్ గడువు ఎంతో రిపోర్టులో రాయాలని, ట్రయల్ రిపోర్టులు ఎలా రాయాలో చెప్పే కన్సార్ట్ మార్గదర్శకాలు 2019లో క్రాస్ఓవర్ ట్రయల్స్ కోసం అడిగాయి. క్రాస్ఓవర్ ట్రయల్ పేపర్ ఏదైనా, ముందు వెతకాల్సింది ఆ గడువునే.